సొట్ట కంచం

"ఆ గుండ్రం ఇంకోసారి గీసి పెట్టు," అన్నారాయన, నేను కంచాలు తోముతుంటే.

నీళ్ళ చప్పుడులో సగమే వినిపించింది. కుళాయి కట్టాను. ఆయన వంటింటి ద్వారబంధానికి ఆనుకుని నిలబడి ఉన్నారు. లోపలికి రారు. పెళ్ళయిన ఇరవై మూడేళ్ళుగా ఆ గడప అవతలే నిలబడి కావలసింది అడుగుతారు. ఇచ్చింది పుచ్చుకుని అక్కడి నుంచే వెనక్కి తిరుగుతారు.

"ఏ గుండ్రం?"

"ఏ గుండ్రమేమిటి, నాకున్నది ఒక్కటేగా. పాత అచ్చు బ్లాకు అరిగిపోయిందట. పుస్తకం లోపల అంతా అచ్చయింది, అట్ట ఒక్కటే ఆగింది. రేపు కొత్త ముద్రణ ఆవిష్కరణ సభలో వేదిక వెనక గుడ్డ మీద కూడా అదే పెద్దది చేసి కడతారు. మూడింటికల్లా ప్రెస్‌లో ఇవ్వాలి. ఇవాళ సెలవేగా నీకు."

సెలవే. వారంలో ఆరు రోజులు నక్షాల ఆఫీసులో గీస్తాను. ఏడో రోజు ఇంట్లో అందరికీ సెలవు. నాకు ఆ ఆరు రోజుల బట్టలు.

"రెండు సంగతులు గుర్తుపెట్టుకో," అన్నారు. "కాగితం నాలుగు అంచులూ కనపడాలి. ఏ మూలా కోసెయ్యొద్దని ప్రెస్ వాడికి గట్టిగా చెప్పాను. చేత్తో గీసిన పని అని చూసేవాళ్ళకి తెలియాలి. రెండోది, ఆ తడబాటు సరిగ్గా రావాలి. లోతు తగ్గకూడదు."

"వస్తుంది," అన్నాను.

నా చేతిలో, సబ్బు నురగ కింద ఉన్నది ఆ తడబాటే.

ఆయన కాలేజీలో పాఠాలు చెబుతారు. బయట అందరికీ మాస్టారు. రాసింది ఒకే పుస్తకం. దేశదేశాల వీరుల కథలన్నీ ఒకచోట పోగేసి, అన్నింటి వెనకా ఉన్నది ఒకే బాట అని తేల్చిన పుస్తకం. ఎవడో ఒకడు ఇంట్లో ఉంటాడు. పిలుపు వస్తుంది. గడప దాటుతాడు. తోడు దొరుకుతుంది. పరీక్ష ఎదురవుతుంది. గెలుస్తాడు. తిరుగు దారి పడతాడు. ఇల్లు చేరతాడు. పిలుపు నుంచి ఇల్లు దాకా ఏడు మజిలీలు. రాజకుమారుడైనా గొర్రెల కాపరైనా, ఏడు తలల పాముని చంపినా ఎండిన నదిని వెనక్కి తెచ్చినా బాట అదే. బయలుదేరిన చోటికే వచ్చి ఆగుతుంది కాబట్టి గుండ్రం. గుండ్రం మీద ఏడు చుక్కలు. అది ఆయనకి పేరు తెచ్చింది.

ఆ కథలు చదివింది నేను. లైబ్రరీ నుంచి పుస్తకాలు మోసుకురావడం వరకే ఆయన పని. ఆఫీసు నుంచి వచ్చి, పొయ్యి మీద ఒకటి ఉడుకుతుంటే పక్కన పీట వేసుకుని చదివేదాన్ని. కథకి ఒక కార్డు. కార్డు మీద ఏడు గడులు. ఏ గడిలో ఏం జరిగిందో రెండు ముక్కల్లో రాయాలి. మూడు వందల నలభై కార్డులు రాశాను. చివరి వంద రాసేటప్పుడు నాకు నెలలు నిండుతున్నాయి. కడుపు మీదే అట్ట ఆనించుకుని రాశాను.

ఒక కార్డు దగ్గర ఆగి అడిగాను. "దారిలో తినమని ఇతనికి మూట కట్టిచ్చిన ఆమెని ఏ గడిలో రాయను?"

"ఎవరామె?"

"తల్లి. పన్నెండో పేజీలో ఉంది."

"ఆమె కథలో లేదు."

"ఉందండీ. మూట కట్టింది. తెల్లారకముందే లేచి కట్టింది."

"మూట రాయి. ఆమె అక్కర్లేదు."

మూట రాశాను. ఆ తర్వాత కార్డు కార్డుకీ అలాంటివాళ్ళు కనిపించడం మొదలుపెట్టారు. అంతకుముందు నేనూ చూడలేదు. వాడు గడప దాటగానే కథ వాడి వెంట పోతుంది, ఇంటి తలుపు మూసుకుంటుంది. పన్నెండేళ్ళ తర్వాత వాడు తిరిగొచ్చి తట్టగానే తలుపు తెరుచుకుంటుంది. లోపల దీపం ఉంటుంది, వేడి నీళ్ళు ఉంటాయి, పక్క పరిచి ఉంటుంది. ఈ పన్నెండేళ్ళూ ఆ దీపంలో నూనె పోసింది ఎవరు? కప్పు కారితే ఎక్కి సర్దింది ఎవరు? వాడి తండ్రి మంచాన పడితే ఎత్తి దించింది ఎవరు? ఏ కథా చెప్పదు. మూడు వందల నలభై కథల్లో ఆడవాళ్ళకి నాకు దొరికినవి మూడే పనులు. వెళ్ళేటప్పుడు ఏడవడం, దారిలో ఆనవాలు చెప్పడం, గెలిచాక దొరకడం. ఏడ్చినామెని వాడు మర్చిపోతాడు. ఆనవాలు చెప్పినామె ముసలిదై ఉంటుంది, మళ్ళీ కనిపించదు. దొరికినామెకి ఇష్టమో కాదో అడిగినవాడు లేడు. వీళ్ళెవరికీ గడి లేదు. గడులు గీసింది మాత్రం నేను. స్కేలు పెట్టి మరీ గీశాను. ఆ కోపం ఎవరి మీదో తెలియక చాలాకాలం నా మీదే ఉంచుకున్నాను.

కంచం సంగతి.

బిడ్డ పుట్టి నలభై రోజులు. ఆయన 'పరీక్ష' అనే అధ్యాయం రాస్తున్నారు. భోజనానికి మూడుసార్లు పిలిచాను. మొదటిసారి పలకలేదు. రెండోసారి చేయి ఊపారు. మూడోసారికి వచ్చి కూర్చున్నారు. ముద్ద నోట్లో పెట్టుకుని, "కూర చల్లారిపోయింది. ఇది మనిషి తినేదేనా?" అన్నారు. వేడి చేసి తెస్తానన్నాను. బిడ్డ నా భుజం మీద ఉంది. వంటింటి ద్వారంలోకి తిరిగాను. వెనక నుంచి కంచం వచ్చింది. ద్వారబంధానికి తగిలింది. బిడ్డ తలకి జానెడు పైన.

బిడ్డ వెంటనే ఏడవలేదు. కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. ఆ తర్వాత ఏడ్చింది.

అత్తయ్య అక్కడే కూర్చుని ఉంది. "వాడికంత కోపం వచ్చేలా ఎందుకు తెచ్చుకుంటావు? పిలిచే తీరున పిలిస్తే రాడా?" అంది. ఆయన చేయి కడుక్కుని వెళ్ళి అధ్యాయం ముందు కూర్చున్నారు. గోడ నేను తుడిచాను. కూర మరక సున్నంతో పోయింది. ద్వారబంధం మీద గంటు పోలేదు. వేలి గోరంత లోతు. కంచం అంచు ఒకచోట లోపలికి నొక్కుకుపోయింది. అత్తయ్య దాన్ని తిరగేసి మరగేసి చూసింది. "మంచి స్టీలు. పారేస్తామా ఏం? నువ్వు తిను ఇందులో," అంది. అప్పటినుంచి అది నా కంచం. ఇంట్లో మిగిలినవాళ్ళవి గుండ్రంగా ఉంటాయి.

ఆ తర్వాత ఇరవై రోజులకి గుండ్రం కావలసి వచ్చింది. "ఇప్పటికిప్పుడు కావాలి, ప్రెస్ వాడు గుమ్మంలో నిలబడ్డాడు," అన్నారు. నేను కాన్పు సెలవులో ఉన్నాను. వృత్తలేఖిని ఆఫీసు సొరుగులో ఉంది. చేతికందిన కంచం బోర్లించి దాని అంచు వెంట గీశాను. గీసేది నా వృత్తి, సొట్ట నాకు కనపడకపోతుందా? కనపడింది. ఆ ముక్క చెరిపి సరిచేద్దామనుకున్నాను. బిడ్డ లేచింది. పాలిచ్చి వచ్చేసరికి కాగితం లేదు. అచ్చుకి వెళ్ళిపోయింది. ఏడు చుక్కలు ఆయన పెట్టారు. సొట్ట ఆరో చుక్కకీ ఏడో చుక్కకీ మధ్య పడింది.

పుస్తకం వచ్చిన రెండు నెలలకి ఒక పెద్ద పత్రికలో విమర్శ వచ్చింది. అన్నింటికంటే ఆ గీతనే మెచ్చుకున్నాడు విమర్శకుడు. ఇల్లు చేరబోయే ముందు వీరుడి మనసు తడబడుతుందని, ఆ తడబాటుని మాటల్లో కాకుండా గీతలో పట్టుకోవడం ఎవరికీ రాని ఊహ అని రాశాడు. ఆయన పత్రిక పట్టుకుని గడప దాకా వచ్చారు.

"ఇది అక్కడ వంగిందేం?"

"కంచం సొట్ట అండీ."

"ఏ కంచం?"

చూపించాను. పడీపడీ నవ్వారు. "బాగుంది. ఎవరికీ చెప్పకు," అన్నారు. సొట్ట ఎలా పడిందని అడగలేదు. గుర్తు లేదు. విసిరినవాళ్ళకి గుర్తుండదు. మర్నాడే కొత్త అధ్యాయం మొదలుపెట్టారు. రెండో ముద్రణలో అది ఎనిమిదో అధ్యాయం. ముప్ఫై పేజీలు. పేరు 'తడబాటు'. పిల్లలు పరీక్షల్లో దాని మీద వ్యాసాలు రాస్తున్నారు. ఆ ముప్ఫై పేజీలూ తిరగరాసి శుభ్రమైన ప్రతి చేసింది నేనే. కుడిచేత్తో రాస్తూ ఎడమచేత్తో తిన్నాను. ఆ కంచంలోనే.

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ప్రతి నక్షాకీ కుడి కింది మూలలో మూడు గడులు ఉంటాయి. గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. మూడు సంతకాలూ పడితేనే అది నక్షా. చేరిన కొత్తలో గీసినవారి గడిలో సంతకం పెట్టడానికి నేను సిగ్గుపడితే, అప్పటి హెడ్డు గారు కాగితం నా ముందుకి తోశారు. "ఇది గొప్ప కోసం కాదమ్మా. గీసిందెవరో తెలియని గీతని నమ్మకూడదు. రేపు వంతెన కూలితే ఎవర్ని అడుగుతాం?" అన్నారు. ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీ నాకు రావాలి. నాకంటే ఆరేళ్ళు వెనక చేరిన మనిషికి ఇచ్చారు. ఇంజనీరు గారు నన్ను పిలిచి, "మీకు ఇల్లుంది కదమ్మా," అన్నారు, ఊరడిస్తున్నట్టు. ఆయనకీ ఇల్లుంది. ఆ కుర్చీ దక్కినవాడికీ ఇల్లుంది. మా వారి పుస్తకంలో ఇల్లు ఏడో మజిలీ, గెలిచినవాడికి దక్కేది. నాకు మాత్రం అది కుర్చీ రాకపోవడానికి కారణం. ఇప్పటికీ ఆఫీసులో టీ నేనే పోస్తాను. ఉన్న ఒక్క ఆడమనిషిని కదా. వీడ్కోలు సభలకి సన్మానపత్రాలు నేనే రాస్తాను, చేతిరాత బాగుంటుంది కదా. కానీ ఆ మూల గడిలో నా సంతకం ఉంటుంది. వేల నక్షాల మీద ఉంది. ఇంట్లో గీసిన ఒక్క గీత మీదే లేదు. ఇంట్లో పనికి గడేమిటి అనుకున్నాను.

అందుకని ఈ ఉదయం కూడా, బట్టలు ఆరేసి వచ్చి, బల్ల మీద తెల్ల షీటు పరిచి, నాలుగు మూలలా గుండుసూదులు గుచ్చి, తడి తుడిచిన కంచం మధ్యలో బోర్లించి, మామూలుగానే గీసి ఇచ్చేద్దును. వృత్తలేఖిని ఇప్పుడు ఇంట్లోనూ ఉంది. కానీ వృత్తలేఖినికి సొట్ట గీయడం రాదు.

పెన్సిల్ చుట్టూ తిప్పుతుండగా మా అమ్మాయి వచ్చి ఎదురుగా కూర్చుంది. బుజ్జికి ఇరవై ఒకటి. రేపు సభలో ముందుమాట నుంచి ఒక పేజీ దాన్ని చదవమన్నారు. అచ్చయి వచ్చిన కాగితాలు తెచ్చుకుంది, అలవాటు చేసుకోవడానికి.

"గొంతు సరిపోతోందా చెప్పమ్మా," అని చదివింది. "ఒక తెల్లవారుజామున కిటికీ దగ్గర కూర్చుని ఉండగా ఈ వలయం నా కళ్ళ ముందు నిలిచింది. చేయి దానంతట అది కదిలింది. పరికరం ఏదీ వాడలేదు. ఎవరి సాయమూ లేదు. తిరిగి ఇల్లు చేరే చోట నా చేయి తడబడింది. ఆ తడబాటే ఈ గ్రంథానికి ప్రాణం."

పెన్సిల్ ఆగింది. సరిగ్గా సొట్ట దగ్గర.

"ఇంకోసారి చదువు," అన్నాను.

చదివింది. "భలే ఉంది కదా. నాన్న చేత్తో గుండ్రం గీయగలరని నాకు తెలియనే తెలియదు. ఈసారి నువ్వు గీస్తున్నావేం మరి? చేయి వణుకుతోందా నాన్నకి?"

ఆడపిల్లకి తండ్రి మీద ఉన్న గౌరవం తీసెయ్యకూడదని ఇన్నేళ్ళూ నోరు మూసుకున్నాను. కంచం కథ దానికి చెప్పలేదు. ద్వారబంధం మీద గంటు ఏమిటని చిన్నప్పుడు అడిగితే, మంచం లోపలికి తెస్తుంటే తగిలిందని చెప్పాను. అబద్ధాలు ఆయన ఒక్కరే ఆడలేదు ఈ ఇంట్లో. అలా కాపాడిన గౌరవం ఇప్పుడు ఇదిగో, నా ఎదురుగా గొంతు సవరించుకుంటోంది. రేపు సాయంత్రం నాలుగు వందల మంది ముందు నిలబడి, తన తల మీద పడబోయి తప్పిన దెబ్బని నా బిడ్డ తన నోటితోనే గొప్ప ఊహ అని చదువుతుంది. జనం చప్పట్లు కొడతారు. అది నవ్వుతుంది. నేను ముందు వరసలో కూర్చుని ఉంటాను, పూలదండ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని. ఆయన నా వంట తిన్నారు, నా కార్డులు తీసుకున్నారు, నా గీత తీసుకున్నారు. అంతవరకూ నేను ఇచ్చాను. ఇది నేనివ్వలేదు. ఇది బిడ్డది.

గుండ్రం పూర్తి చేశాను. సిరాతో దిద్దాను. ఏడు చుక్కలు పెట్టి పేర్లు రాశాను. తర్వాత స్కేలు తీసుకుని కుడి కింది మూలలో మూడు గడులు గీశాను.

"ఇదేమిటి, ఆఫీసు పనిలాగా?" అంది బుజ్జి.

"గీతకి ఉండాల్సింది," అన్నాను. గడుల పైన, ఆఫీసులో రాసే అక్షరాలతో, వివరణ రాశాను. నాలుగు వాక్యాలు. వేడుకోలు లేదు, తిట్టు లేదు. నక్షా మీద అవి రాయరు.

ఈ వలయం ఊహించి గీసినది కాదు; ఈ ఇంట్లో భోజనం చేసే స్టీలు కంచం అంచు వెంట గీసినది. ఆరు, ఏడు మజిలీల మధ్య ఉన్నది తడబాటు కాదు, సొట్ట. కూర చల్లారిందని గ్రంథకర్త విసిరినప్పుడు కంచం వంటింటి ద్వారబంధానికి తగిలి పడినది. తగిలిన చోటికి జానెడు కింద నలభై రోజుల పసిబిడ్డ తల ఉన్నది.

గీసినవారి గడిలో సంతకం చేశాను. కలం కింద పెట్టి షీటు దాని వైపు తిప్పాను.

బుజ్జి చదివింది. చివరి వాక్యం దగ్గర దాని పెదవులు కదలడం ఆగిపోయింది.

"నిజమా?"

"నా మాట నమ్మొద్దు. సరిచూడు. కంచం అదిగో. ద్వారబంధం అదిగో. స్కేలు ఇదిగో."

అది కంచం పట్టుకుని లేచింది. వంటింటి ద్వారం దగ్గర నిలబడి గంటుని వేలితో తడిమింది. కంచం అంచు తిప్పి తిప్పి సొట్టని గంటుకి ఆనించింది. తాళంలో చెవి కూర్చున్నట్టు కూర్చుంది. తర్వాత నన్ను పిలిచింది. "నన్నెలా ఎత్తుకున్నావో అలా నిలబడు." నిలబడ్డాను. ఏమీ లేని భుజం మీద చేయి వేసుకుని నిలబడ్డాను. అది నా భుజం మీద పసితల ఉండే ఎత్తు నుంచి గంటు దాకా జాన పెట్టి చూసింది. దాని జాన చిన్నది. అందులోనూ కొంచెం మిగిలింది.

అత్తయ్య మంచం మీద నుంచి చూస్తోంది. "ఏమిటే ఆ కొలతలు? వంట ఎప్పుడు మొదలవుతుంది? పన్నెండవుతోంది."

"నానమ్మా, ఈ గంటు ఎలా పడింది?" అంది బుజ్జి.

అత్తయ్య నా వైపు చూసింది. నేను తల తిప్పుకోలేదు. మంచం తెచ్చేటప్పుడు తగిలిందన్న మాట ఆవిడకీ తెలుసు, వంత పాడింది కూడా.

"వాడు విసిరాడు," అంది చివరికి. "నీ నెత్తి మీద నుంచి పోయింది. నేను చూశాను. మీ అమ్మనే కోప్పడ్డాను." మళ్ళీ తనే, "వాళ్ళ నాన్న ఏకంగా చెంబు విసిరేవాడు. కంచమే కదా అనుకున్నాను," అంది.

బుజ్జి వచ్చి బల్ల ముందు కూర్చుంది. సరిచూసినవారి గడిలో సంతకం చేసింది. ఏడవలేదు. అచ్చయిన ఆ పేజీని మడిచి పక్కన పెట్టి, ఒక చీటీ తీసుకుని, షీటు మూలనున్న నాలుగు వాక్యాలూ ఎత్తి రాసుకుంది. రాస్తూ అడిగింది, "రేపు నెమ్మదిగా చదవాలా, గట్టిగా చదవాలా?"

"వెనక వరసకి వినపడితే చాలు," అన్నాను.

వంట చేశాను. ఒంటిగంటన్నరకి ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి కూర్చున్నారు. కంచం పెట్టాను. సొట్ట కంచం. సొట్ట ఆయన వైపే ఉండేలా పెట్టి వడ్డించాను. ముప్ఫై పేజీలు రాసిన మనిషి. దాని మీద ఎక్కడెక్కడో ఉపన్యాసాలు ఇచ్చిన మనిషి. బొటనవేలు సరిగ్గా అక్కడే ఆనించుకుని తిన్నారు. గుర్తుపట్టలేదు.

"కూర వేడిగా ఉంది. బాగుంది," అన్నారు.

చేయి కడుక్కుని వచ్చి, "అయిందా షీటు? నాకు టైమవుతోంది," అన్నారు. బుజ్జి ఒక చివర పట్టుకుంది. నేను రెండో చివర పట్టుకుని షీటు మొత్తం విప్పాను. ఆయన గుండ్రం చూశారు. సొట్ట దగ్గరికి వంగి చూశారు. "అద్భుతం. అదే తడబాటు. నా చేతి పనే అనుకుంటారు."

"మీ సంతకం కావాలి," అన్నాను.

"నాదెందుకు?"

"ఆఫీసు పద్ధతి. ఆమోదించినవారు అని ఒక గడి ఉంటుంది. అది ఖాళీగా ఉంటే చెల్లదు."

ముఖం వికసించింది. "మంచి ఆలోచన. వేదిక మీద నా సంతకం కూడా పెద్దగా కనపడుతుంది." జేబులోంచి కలం తీశారు. కళ్ళజోడు కళ్ళకే ఉంది.

"పైన రాసింది ఒకసారి చదవండి," అన్నాను.

"నువ్వు రాశాక చదివేదేముంది? మజిలీల పేర్లేగా. నీ అక్షరాలు అచ్చులా ఉంటాయి."

"చదివి పెట్టండి నాన్నా," అంది బుజ్జి.

"నువ్వు నీ పేజీ చదువుకో. వచ్చిందా నోటికి?"

"వచ్చింది."

గడి నిండేలా సంతకం చేశారు. కింద తేదీ వేశారు. సిరా ఆరేదాకా ఊదారు కూడా. షీటు చుట్టి, దారం కట్టి, చంకలో పెట్టుకుని గడప దాటారు. వీధి మలుపు దాకా ఆయన చెప్పుల చప్పుడు వినిపించింది.

అత్తయ్య మంచం మీద లేచి కూర్చుంది. "వాడికి చెప్పలేదేం?" అంది.

"కాగితం మీద ఉంది అత్తయ్యా," అన్నాను. "చదువుకున్నవారేగా."